చెప్పింది ఆయన, సంతకం మీది

ప్రశ్న: గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నాలుగేళ్లుగా చేస్తున్నాను. సరుకు వస్తే రిజిస్టర్లో ఎక్కించడం, రైతుకు బాండ్ (సరుకు మా దగ్గర ఉందని ఇచ్చే రసీదు) రాయడం, బయటికి పోయేటప్పుడు గేట్ పాస్ ఇవ్వడం నా పని. మా మేనేజరు ఓనరు గారి బావమరిది. ఏదీ కాగితం మీద పెట్టరు. అన్నీ ఫోన్లోనో, గేటు దగ్గర నిలబడో చెబుతారు. మొన్న ఏప్రిల్లో ఒక రైతు లాట్లోంచి 40 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి ఒక బ్రోకరుకు ఇచ్చేయమన్నారు. బాండ్ ఏదని అడిగితే ‘రేపు తెస్తాడులే, ముందు లారీ పంపు’ అన్నారు. పంపాను. బాండ్ రాలేదు. జూన్‌లో ఆ రైతే బాండ్ పట్టుకుని వచ్చాడు. చూస్తే 40 టిక్కీలు తక్కువ. మేనేజరు హమాలీలందరి ముందు ‘నేనెప్పుడు చెప్పాను? గేట్ పాస్ మీద సంతకం ఎవరిది?’ అని నన్నే నిలదీశారు. అప్పటి నుంచి నెలకు 5,000 జీతంలో కోస్తున్నారు. చేరేటప్పుడు నా డిగ్రీ ఒరిజినల్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు తీసుకున్నారు. రోజూ తిట్లే. పొద్దున బండి తీస్తుంటేనే కడుపులో తిప్పుతుంది. ‘ప్రైవేటు ఉద్యోగాల్లో ఇవన్నీ మామూలే’ అంటారు నాన్న. అన్నీ రాసిపెట్టుకో, ఫోన్లు రికార్డ్ చెయ్యి అంటోంది నా ఫ్రెండ్. ఇది నిజంగా పనికొస్తుందా? వాళ్లకు తెలిస్తే ఇంకా పెద్ద గొడవవుతుందేమోనని టెన్షన్. ఆడిట్ రోజుల్లో రాత్రి ఎనిమిది దాకా ఉండమంటారు, అప్పుడు ఆయన మాటలు వేరేగా ఉంటాయి. అది వేరే విషయం, వదిలేయండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ఫ్రెండ్ చెప్పింది సగం కరెక్టు. రాయాలి. కానీ ఎప్పుడు రాయాలి, ఎవరికి రాయాలి అన్నది ఆమె చెప్పలేదు. మీరు ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే.

మీరు చేస్తున్న వ్యాపారమే ఒకసారి చూడండి. రైతు సరుకు దించితే బాండ్, కాటా పడితే చీటీ, లారీ కదిలితే గేట్ పాస్. కాగితం లేకుండా ఒక్క టిక్కీ కూడా కదలని చోట, మేనేజరు మాట ఒక్కటే కాగితం లేకుండా కదులుతోంది. ఇది ఆయన బద్ధకం అని నేననుకోను. తేడా వచ్చినప్పుడు కాగితం మీద మిగిలే పేరు మీదొక్కటే ఉండేలా చేసుకున్న ఏర్పాటు. కాబట్టి ఇంటికెళ్లి రాత్రి డైరీలో మీ బాధ రాసుకుంటే మనసు తేలికపడుతుందేమో గానీ, ఈ ఏర్పాటు మారదు. నోటిమాటగా వచ్చిన ఆర్డరును, పని జరగకముందే, ఆయనకు కనిపించేలా రాతలోకి తేవాలి. అప్పుడే మారుతుంది.

రేపు మళ్లీ ఇలాంటి ఫోను వస్తే ఏం చేస్తారో చెబుతాను. ‘సరే సార్’ అని ఫోన్ పెట్టేసి, లారీ కదలకముందే వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘సార్, ఇప్పుడు 11:20కి ఫోన్‌లో ఫలానా లాట్లోంచి 40 టిక్కీలు ఫలానా బ్రోకరుకు ఇవ్వమన్నారు. బాండ్ నా దగ్గరికి రాలేదు. బాండ్ రాగానే గేట్ పాస్ ఇస్తాను సార్. లారీ ఆపి ఉంచాను.’ అంతే. ‘మీరు మళ్లీ మాట మారుస్తారు కాబట్టి’ లాంటి దెప్పుళ్లు వద్దు. మర్యాదగా, రోజూ రాసే గుమాస్తా భాషలో ఉండాలి. ఎందుకు రాస్తున్నావని అడిగితే ‘సీజన్లో వంద లాట్లు, గుర్తుండడం లేదు సార్, మళ్లీ మిమ్మల్నే ఇబ్బంది పెట్టాల్సొస్తుంది’ అనండి. అందరి ఆర్డర్లకూ ఇలాగే పెట్టండి, చిన్నవాటికి కూడా. పెద్దవాటికి మాత్రమే పెడితే ఆయనకు వెంటనే అర్థమైపోతుంది.

ఆయన మెసేజ్‌కు జవాబివ్వకపోవచ్చు. ఇలాంటివాళ్లు మెసేజ్ చూసి ఫోన్ చేస్తారు. ఫోన్‌లో తిడతారు, ‘పంపమన్నానా లేదా’ అంటారు. అప్పుడు ఇంకో మెసేజ్: ‘11:32కి మీరు ఫోన్ చేసి పంపమన్నారు సార్. కానీ బాండ్ లేకుండా గేట్ పాస్ ఇవ్వలేను.’ ఇది రాయడానికి గుండె ధైర్యం కావాలి, తెలుసు. కానీ ఇక్కడ ఒక గట్టి విషయం చెప్పక తప్పదు. బాండ్ రైతు దగ్గర ఉండగా అతని సరుకు ఇంకొకరికి ఇవ్వడం తప్పని మీకు తెలిసి కూడా పంపితే, ‘సార్ చెప్పారు’ అన్న మెసేజ్ మిమ్మల్ని కాపాడకపోగా, మీకు తెలుసని రుజువవుతుంది. నమ్మి అప్పగించిన సొత్తును గుమాస్తా గానీ నౌకరు గానీ దుర్వినియోగం చేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. రాత అనేది మీరు ఆపిన పనికి సాక్ష్యం కావాలి, చేసిన పనికి కాదు. ఉద్యోగం పోతే గుంటూరులో ఇంకో కోల్డ్ స్టోరేజీ ఉంది, చుట్టుగుంట మిర్చి యార్డు చుట్టూ కమిషన్ కొట్లున్నాయి. కేసు పడితే ఆ దార్లన్నీ మూసుకుంటాయి.

ఇక ఏప్రిల్ సంగతి. జరిగిపోయిన దానికి ఇప్పుడు పాత తేదీ వేసి ఏదీ రాయొద్దు. ఒక్క పాత తేదీ దొరికితే మీ నిజాలన్నీ అబద్ధాల్లో కలిసిపోతాయి. ఈరోజు తేదీ వేసి, ‘ఏప్రిల్లో జరిగింది ఈరోజు గుర్తు చేసుకుని రాస్తున్నాను’ అని మొదలుపెట్టి, గుర్తున్నంత వరకే రాయండి. గుర్తులేని చోట గుర్తులేదనే రాయండి. ఫోన్ చేశారా, గేటు దగ్గర చెప్పారా? లారీ నంబరు గేటు రిజిస్టర్లో ఉందా? కాటా చీటీ ఎవరి పేరు మీద ఉంది? ఆ రోజు ఎత్తిన హమాలీలు ఎవరు? హమాలీల పేర్లు రాసుకోండి గానీ వాళ్ల చేత సంతకాలు పెట్టించడానికి ప్రయత్నించకండి. వాళ్ల కూలి కూడా అదే మనిషి చేతిలో ఉంది. ఇవాళ అడిగితే భయపడి సాయంత్రానికి ఆయనకే చెబుతారు. రేపు పోలీసో, కోర్టో అడిగితే చెప్పే మాట వేరు.

ఆ రోజు ఆయన నిజంగా ఫోన్ చేసి ఉంటే మీ ఫోన్లో కాల్ లాగ్ చూడండి, ఉంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి. మీ ఫోన్లో చెరిగిపోయినా టెలికం కంపెనీలు కాల్ వివరాలను కనీసం రెండేళ్లు దాచాలి. పోలీసులో కోర్టో అడిగితే తీస్తారు. గేటు దగ్గరి సీసీ కెమెరా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చాలాచోట్ల కొద్ది వారాలకే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది.

జీతం కోత దగ్గరే మీకు అన్నింటికంటే గట్టి పట్టుంది, మీరు ఉత్తరంలో దాన్ని ఒక్క లైనులో దాటేశారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, అప్పగించిన సరుకు పోయిందని జీతం కోయాలంటే ఆ నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోసే ముందు మీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మీకు నోటీసు ఇచ్చారా? మీ సమాధానం అడిగారా? హమాలీల ముందు అరవడం నోటీసు కాదు. ఈ పద్ధతి కొత్తది కూడా కాదు, 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఉన్నదే. జీతం బ్యాంకులో పడుతుంటే స్టేట్‌మెంటే సాక్ష్యం. చేతికిస్తుంటే, వోచరు మీద సంతకం పెట్టేముందు ‘5,000 తగ్గించి ఇచ్చారు’ అని మీ చేత్తో రాసి పెట్టండి. కోసిన డబ్బు కోసం క్లెయిమ్ వేయడానికి కోడ్ మూడేళ్ల గడువిచ్చింది.

అందుకని ఒక ఉత్తరం రాయండి. మేనేజరుకు కాదు, ఓనరు గారికి. ఒక పేజీ దాటొద్దు. ఏప్రిల్లో ఎవరి ఆర్డరు మీద లారీ వెళ్లింది, జూన్‌లో రైతు వచ్చినప్పుడు ఏమైంది, ఏ నెల నుంచి ఎంత కోస్తున్నారు, నోటీసు ఏదీ రాలేదు, కోసింది తిరిగివ్వండి, విచారణ పెడితే నేను సహకరిస్తాను. ఇవే. ఈ ఉత్తరాన్ని మీ బాధలన్నీ పెట్టే చోటు చేయొద్దు. ఇచ్చే ముందు ఎవరైనా లాయరుకు చూపించండి, ఆ గేట్ పాస్ మీద మీ సంతకం ఉంది కాబట్టి మాట జాగ్రత్త. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. గుంటూరు కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఓనరు గారికే ఎందుకంటే, బావమరిది ఇంటి మనిషే కావచ్చు, కానీ ఆ రైతు ఊళ్లో నోరు విప్పితే వచ్చే ఫిబ్రవరిలో ఆ చుట్టుపక్కల సరుకంతా ఇంకో కోల్డ్ స్టోరేజీకి పోతుంది. ఆ లెక్క ఓనరుకు మీకంటే బాగా తెలుసు. ఆయనకు ఈ సంగతి మేనేజరు చెప్పినట్టుగానే తెలిసి ఉంటుంది. మీ వైపు కథ ఆయన చేతికి ఇంతవరకు చేరలేదు.

కాపీ మీద ‘ముట్టింది’ అని సంతకం పెట్టమంటే పెట్టకపోవచ్చు. పోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్లో ‘స్పీడ్ పోస్టు, రిజిస్ట్రేషన్‌తో’ అని అడగండి. రసీదు, ఉత్తరం కాపీ, చేరినట్టు ఆన్‌లైన్‌లో చూపించే పేజీ మూడూ కలిపి పిన్ను కొట్టి ఇంట్లో పెట్టుకోండి.

ఇప్పుడు రోజూ రాసుకునే పుస్తకం. బ్రాడీపేటలో ఏ పుస్తకాల షాపులోనైనా దొరికే కుట్టు బైండింగ్ లాంగ్ నోట్‌బుక్ చాలు. స్పైరల్ వద్దు, పేజీలు చింపి కలిపారని అనే వీలుంటుంది. పేజీ నంబర్లు ముందే వేసేయండి. రోజు, టైము, చోటు, ఎవరున్నారు, ఏ మాట అన్నారు. ‘మేనేజరు నన్ను దారుణంగా అవమానించారు’ అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ‘సాయంత్రం 4:10, కాటా దగ్గర, “నీకు జీతం దండగ, రేపటి నుంచి రాకు” అన్నారు. డ్రైవరు, ఇద్దరు హమాలీలు ఉన్నారు. నేను ఏమీ అనలేదు’ అని రాస్తే తెలుస్తుంది. తిట్టు ఎంత బూతైనా ఉన్నదున్నట్టు రాయండి, చుక్కలు పెట్టకండి. మీరు తిరిగి గట్టిగా మాట్లాడితే అదీ రాయండి. ఆ రోజు నిజంగా మీరు లాట్ నంబరు తప్పు ఎక్కించి ఉంటే అదీ రాయండి. అన్ని పేజీల్లోనూ మీరే మంచివారైతే ఆ పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. ఏమీ జరగని రోజు వదిలేయండి.

ఆ రోజే రాయాలన్న పట్టింపు ఊరికే కాదు. సాక్షి బోనులో నిలబడినప్పుడు, సంఘటన జరిగినప్పుడే గానీ ఆ వెంటనే గానీ తన చేత్తో రాసుకున్న రాతను చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి మన సాక్ష్య చట్టం ఒప్పుకుంటుంది. మూడేళ్ల తర్వాత లాయరు ‘ఆ రోజు టైమెంతమ్మా’ అని అడిగితే మీ దగ్గర జవాబుంటుంది. అయితే మీ పుస్తకం ఒక్కటే కేసు గెలిపించదు. మెసేజ్, బ్యాంకు స్టేట్‌మెంట్, గేట్ పాస్ నంబరు దాని పక్కన నిలబడినప్పుడు దానికి విలువ.

ఫోన్ రికార్డింగ్ గురించి అడిగారు. మీరే మాట్లాడుతున్న కాల్‌ను మీరు రికార్డ్ చేసుకుంటే కోర్టులు సాక్ష్యంగా తీసుకున్న సందర్భాలున్నాయి. మాటకు కేసుతో సంబంధం ఉండాలి, గొంతు ఎవరిదో గుర్తుపట్టగలగాలి, కత్తిరింపులు ఉండకూడదు అని సుప్రీంకోర్టు 1972లో మల్కానీ కేసులోనే చెప్పింది. మీరు లేని గదిలో ఫోన్ ఆన్ చేసి వదిలేసి రావడం మాత్రం పూర్తిగా వేరే సంగతి, ఆ జోలికి పోవద్దు. నన్నడిగితే రికార్డింగ్ కంటే మెసేజే మేలు. రికార్డింగ్ గొడవ ముదిరాక పనికొస్తుంది, మెసేజ్ గొడవను మొదట్లోనే ఆపుతుంది. రాతలో ఉంటుందని తెలిసిన మనిషి రెండోసారి ‘బాండ్ రేపు వస్తుందిలే’ అనడానికి ఆలోచిస్తాడు.

వాట్సాప్‌లో ఆ చాట్‌కు మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి. పంపిన మెసేజ్‌ను రెండు రోజులు దాటాక కూడా ‘అందరికీ డిలీట్’ చేసే వీలుంది కాబట్టి ముఖ్యమైనది రాగానే స్క్రీన్‌షాట్ తీయండి. స్క్రీన్‌షాట్ ఉందని ఫోన్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. 2024 జూలై 1న వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్లోది ప్రింటు తీసి కోర్టులో పెట్టాలంటే దానితోపాటు సర్టిఫికెట్ కావాలి. అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని తేలిక. ఆఫీసు సిమ్, ఆఫీసు ఫోన్ మీద ఇవేవీ పెట్టొద్దు. ఉద్యోగం మానేసిన రోజే అవి వెనక్కి ఇచ్చేయాలి.

ఒక హెచ్చరిక. కోపంలో రిజిస్టరు మొత్తం ఫోటోలు తీసుకోవడం, రైతుల ఫోన్ నంబర్ల లిస్టు మీ మెయిల్‌కు పంపుకోవడం చేయొద్దు. అనుమతి లేకుండా కంప్యూటర్లోంచి డేటా కాపీ చేయడం ఐటీ చట్టం కింద తప్పు. అప్పుడు దొంగ మీరవుతారు. గేట్ పాస్ నంబరు, రిజిస్టరు పేజీ నంబరు, తేదీ మీ పుస్తకంలో రాసుకుంటే చాలు. అసలు కాగితాన్ని తెప్పించే పని విచారణ చేసేవాళ్లది.

ఇక మీరు ‘వదిలేయండి’ అన్న చివరి లైను. నేను వదలను. రాత్రి ఎనిమిదింటికి ‘వేరేగా’ ఉన్న మాటలేమిటో మీరు రాయలేదు, నేను ఊహించను కూడా. కానీ అవి నేననుకుంటున్నవే అయితే గడియారం ఇప్పటికే నడుస్తోంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు, వరసగా జరుగుతుంటే చివరి ఘటన నుంచి మూడు నెలల్లోపు, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు, అంతే. పది మంది, ఆ పైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే, పది మంది కంటే తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. కేంద్రం పెట్టిన షీ బాక్స్ పోర్టల్లోనూ ఇవ్వొచ్చు. ఆ మాటలు కూడా అదే పుస్తకంలో, అదే పద్ధతిలో, సిగ్గుపడకుండా ఉన్నవున్నట్టు రాయండి. రాత్రి ఉండమన్నప్పుడు ‘సార్, ఆడిట్ పని ఎనిమిది దాకా ఉందన్నారు, ఇంకెవరు ఉంటారు’ అని అందరూ ఉన్న ఆఫీసు గ్రూపులో అడగండి.

చెక్కులూ సర్టిఫికెట్టూ మర్చిపోలేదు. చెక్కుబుక్కు తీసి ఏ నంబర్లు లేవో చూసి రాసుకోండి. ఓనరుకు రాసే ఉత్తరంలోనే ‘ఫలానా నంబర్ల చెక్కులు చేరేటప్పుడు సెక్యూరిటీగా ఇచ్చాను, నేను సంస్థకు ఏ బాకీ లేను, చెక్కులూ డిగ్రీ ఒరిజినలూ తిరిగివ్వండి’ అని ఒక పేరా పెట్టండి. ఆ తర్వాత బ్యాంకులో ఆ చెక్కులకు డబ్బు ఇవ్వొద్దని స్టాప్ పేమెంట్ రాసివ్వండి. స్టాప్ పేమెంట్ ఉంటే చెక్ బౌన్స్ కేసు రాదని కొందరు చెబుతారు, రావచ్చు. వచ్చినప్పుడు బాకీ లేదని చూపించడానికి ముందే రాసిన ఆ పేరానే మీకు ఆధారం.

నాన్నగారి మాటకు నేను ఎదురు చెప్పను. ఆయన తరం ఎన్నో మింగి ఇల్లు నడిపింది. కానీ ఆయన మామూలే అంటున్న దానిలో రైతు సరుకు మాయమవడం లేదు, కూతురి ఖాళీ చెక్కు పరాయి బీరువాలో ఉండటం లేదు. ఆ రెండూ ఆయనకు విడిగా చెప్పండి. బహుశా మీరు తిట్ల సంగతే చెప్పి ఉంటారు. కడుపులో తిప్పడం నెలల తరబడి ఉంటే డాక్టరుకు చూపించండి. ఆ చీటీ కూడా ఫైల్లో పెట్టండి.

వేరే ఉద్యోగం ఇప్పటి నుంచే వెతకండి. దొరికాక మాత్రం విసురుగా మానేసి రావొద్దు. రాజీనామా రాతపూర్వకంగా ఇవ్వండి. మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో మీకు రావాల్సిన జీతం ఇచ్చేయాలని ఆ వేతనాల కోడే చెబుతోంది. చివరి రోజు రిజిస్టర్లు ఏ పేజీ దాకా రాశారు, గేట్ పాస్ పుస్తకంలో ఏ నంబరు నుంచి ఖాళీగా ఉంది, బాండ్ పుస్తకాలు ఎన్ని, తాళాలు ఎన్ని, రబ్బరు స్టాంపు ఎవరికిచ్చారు అన్నది ఒక కాగితం మీద రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టనంటే ఆ కాగితాన్ని ఫోటో తీసి అక్కడే నిలబడి ఓనరు గారికి, ఆఫీసు గ్రూపుకు పంపి, ఆ తర్వాత తాళాలు ఇవ్వండి.